పెరటి తోట: మగ్రిబ్ వేళ విచ్చే బీరపూలు

“పందిరి నిండా పూలే. కాయ మాత్రం ఒక్కటీ లేదు. మూడు వారాలుగా ఎదురుచూస్తున్నాను. ఇరుగుపొరుగు దిష్టి తగిలిందంటున్నారు. తీగ పీకేయమంటారా?” అని ఒక సోదరి వ్రాశారు. ఈ వర్షాకాలంలో ఇదే ప్రశ్న మరి ముగ్గురు నలుగురు నోటితో కూడా అడిగారు. కనుక ఈ నెల తక్కిన విషయాలు పక్కన ఉంచి బీర పందిరి దగ్గరే కూర్చుందాం.

సోదరీ, తీగ పీకకండి. దిష్టి మాట అటుంచి, ముందు పువ్వు కింద చూడండి. బీర, సొర, కాకర, పొట్ల, గుమ్మడి తీగలకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. రెండూ ఒకే తీగ మీద పూస్తాయి. మగపువ్వు వట్టి కాడ చివర ఉంటుంది. బీరకు ఇవి గుత్తిగా వస్తాయి. ఆడపువ్వు కింద చిన్న పిందె ముందుగానే అమరి ఉంటుంది. తీగ మొదట మగపూలనే పూస్తుంది. ఆడపూలు కొన్నాళ్ళు ఆలస్యంగా వస్తాయి, వచ్చిన తరువాత కూడా మగపూల సంఖ్యే ఎక్కువ. అందువల్ల పూసిన ప్రతి పువ్వూ కాయ కావాలని ఆశించడం తీగకు అన్యాయం చేయడమే.

పిందె ఉన్న పువ్వు ఒక్కటీ కనిపించకపోతే మరికొన్నాళ్ళు ఓపిక పట్టండి. అయితే మొదట్లో ఎవరో చెప్పారని పిడికెడు యూరియా వేశారేమో గుర్తు చేసుకోండి. నత్రజని మోతాదు మించితే తీగ ఆకులు తొడిగి, మగపూలు పూసి, అక్కడితో ఆగిపోతుంది. మావాళ్ళు “ఏపుగా ఉంది” అని మురిసిపోయే తీగలు తరచుగా ఇలాంటివే.

పిందె వచ్చి, రెండు మూడు రోజులకు పసుపురంగుకు తిరిగి, వడలి రాలిపోతూ ఉంటే సంగతి వేరు. ఆ పువ్వుకు పుప్పొడి అందలేదన్నమాట. బీరపువ్వు పగటి పువ్వు కాదు. అస్ర్ నమాజు అయ్యాక మొగ్గలు వదులవుతాయి, మగ్రిబ్ వేళకు పూర్తిగా విచ్చుకుంటాయి, మరునాటి ఎండకు వాడిపోతాయి. సొర, పొట్ల కూడా సాయంకాలపు పూలే. పగలంతా తిరిగిన తేనెటీగలు అప్పటికి గూటికి చేరుకుంటూ ఉంటాయి. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులే ఈ పూలకు దిక్కు. చుట్టూ ఇళ్ళు, గచ్చులు, వీధి దీపాలు ఉన్నచోట అవి రాకపోవచ్చు. అప్పుడు ఆ పని మన చేతులతో చేయాలి.

చేయడం సులభమే. అప్పుడే విచ్చిన మగపువ్వు ఒకటి కోసి, దాని రేకులు తీసివేయండి. నడుమ పసుపుపచ్చని పుప్పొడి ఉంటుంది. దాన్ని పిందె ఉన్న పువ్వు నడుమ భాగానికి మెల్లగా, అన్ని వైపులా తగిలేలా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. వాన పడుతున్నప్పుడు చేయవద్దు, పుప్పొడి కొట్టుకుపోతుంది. గుర్తు కోసం కాడకు దారం కట్టుకోండి. నాలుగైదు రోజుల్లో పిందె పచ్చగా సాగితే మీ శ్రమ ఫలించినట్టే. గుమ్మడి, కాకర పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి గనుక వాటికి ఫజ్ర్ తరువాతి సమయం మంచిది. ఎండ ముదిరాక గుమ్మడిపువ్వు మూసుకుంటుంది, అప్పుడు వెళ్ళి ప్రయోజనం లేదు.

ఇది కొత్త విద్య కాదు. ఖర్జూరంలో మగచెట్టు, ఆడచెట్టు వేరువేరుగా ఉంటాయి. మదీనా రైతులు మగ పూగుత్తిని తెచ్చి ఆడచెట్టుకు చేర్చేవారు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఆ పనిని చూసి, దానివల్ల ప్రయోజనం ఉంటుందని తాము అనుకోవడం లేదన్నారనీ, వారు మానేస్తే ఆ ఏడు కాపు సరిగా రాలేదనీ, అది తెలిసినప్పుడు మీ ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునన్న భావంతో మాట్లాడారనీ సహీహ్ ముస్లింలో ఉంది. ఉత్తరం వ్రాసిన సోదరి మీద ఇరుగుపొరుగు రుద్దిన దిష్టి మాట చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఈ ఉదంతమే.

సాయంత్రం పూట వంట, పిల్లల చదువులు, ఇంతలో పందిరి కిందికి వెళ్ళే తీరిక ఎక్కడిదంటారా? మగ్రిబ్‌కు వుజూ చేయడానికి పెరట్లోకి వెళుతూనే ఉన్నాం కదా. పందిరిని వుజూ చేసే చోటుకు నాలుగడుగుల దూరంలో వేసుకుంటే పని తేలిక. నేను ఇలా సులభంగా చెబుతున్నాను గానీ, ఇది తెలుసుకోవడానికి మా ఇంట్లో ఎనిమిదేళ్ళు పట్టింది.

మా పెద్దమ్మాయి నికాహ్‌కు వచ్చే బంధువులు కూర్చోవడానికి వీలుగా ఉంటుందని పెరడంతా సిమెంటు గచ్చు చేయించాం. చేయించింది నేనే. వర్షాకాలంలో నల్లరేగడి బురద ఇంట్లోకి తొక్కుకు రావడం విసుగు పుట్టించింది. మూలనున్న గోరింట చెట్టు అడ్డమని మేస్త్రీ అన్నాడు, సరే కొట్టేయమన్నాను. అది మా అత్తగారు కాపురానికి వచ్చిన ఏడాది నాటిన చెట్టు. ఆమె ఏమీ అనలేదు. ఆ పండుగకు బజారు నుంచి మెహందీ కోన్లు తెచ్చి అందరికీ పెడుతుంటే మాత్రం చేయి చాచలేదు. తరువాతి పండుగలకూ చాచలేదు. అది నాకు అర్థం కావడానికి రెండు మూడు పండుగలు పట్టింది.

గచ్చు వేశాక వుజూ నీరంతా మురికి కాలువలోకే పోయేది. ఒకనాడు ఊరికే చూద్దామని కుళాయి కింద బకెట్ పెట్టాను. మనిషికి నాలుగైదు లీటర్లు తేలింది. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరు కంటే తక్కువ నీటితో వుజూ చేసేవారని చదువుకున్నవాళ్ళం! ఇంట్లో ఐదుగురం, రోజుకు ఐదు పూటలు. వేసవిలో బోరు అడుగంటి, ట్యాంకరు కోసం వీధిలో నిలబడే ఇల్లు మాది. ఆ లెక్క చూశాక సిగ్గు వేసింది. నిరుడు సగం గచ్చు పగులగొట్టించాం.

అలా పగులగొట్టాలనుకునేవారికి ఒక హెచ్చరిక. గచ్చు కింది నేలలో వెంటనే ఏదీ పండదు. కంకర, సున్నం, అణగిన మట్టి ఉంటాయి. మేము జానెడున్నర లోతు తవ్వి, రాళ్ళు ఏరి, మాగిన పశువుల ఎరువు కలిపి, మొదటి పంటగా అలసందలు చల్లాం. పప్పుజాతి మొక్క వేళ్ళు నేలకు నత్రజని చేరుస్తాయి. బంతి మొక్కలు నాలుగు పక్కలా పెట్టాం. వంగ, టమాటా వేళ్ళకు బుడిపెలు తెచ్చే నులిపురుగులను బంతి తగ్గిస్తుంది. నల్లరేగడి నీటిని తొందరగా వదలదు గనుక తీగలను బోదెల మీదే నాటాలి, పల్లంలో నాటితే వేరు కుళ్ళుతుంది. వుజూ నీటికి ఇటుకలతో చిన్న కాలువ కట్టి, పూటకొక బోదెకు మళ్ళిస్తున్నాం. ఆ నీటిలో సబ్బు ఉండదు కనుక ఆకుకూరలకు కూడా నిర్భయంగా పెట్టవచ్చు. గిన్నెలు కడిగిన నీరు మాత్రం వాటికి వద్దు, దాన్ని అరటి మొక్కకు వదలండి.

ఎరువు కొనాలా అని అడుగుతారు. బక్రీద్‌కు ముందు కొన్నాళ్ళు మేకను కట్టేసే ఇళ్ళలో పెంటికలను ఊడ్చి చెత్తలో పారేయడం చూస్తూనే ఉంటాం. అవి మంచి ఎరువు. పచ్చివి వేయకుండా, ఎండుటాకులతో కలిపి తడి తగిలేలా రెండు మూడు నెలలు మాగనిచ్చి వాడండి. ఎముకలు, మాంసపు వ్యర్థాలు మాత్రం కూరగాయల మడిలో పైపైన పూడ్చవద్దు. కుక్కలు, ఎలుకలు ఆ రాత్రే తవ్వి తీస్తాయి.

పురుగుల విషయంలో రెండే మాటలు చెబుతాను. పిందెను పండుఈగ పొడిస్తే కాయ వంకర తిరిగి లోపల కుళ్ళుతుంది. పుప్పొడి అందిన మరునాడే పిందెకు కాగితపు సంచి తొడగండి, రాలిన కాయలను లోతుగా పూడ్చండి. ఆకుల కింద పేనుబంక పడితే 50 గ్రాముల వేపగింజల పొడిని పలుచని గుడ్డలో మూటకట్టి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి, కాస్త సబ్బునీరు కలిపి చల్లండి. విచ్చిన పూల మీద ఏ మందూ పడనీయవద్దు. బజారు మందును ఇంటి కూర మీద చల్లడం, తరువాత దానినే పిల్లలకు వండి పెట్టడం నాకు ఎంతమాత్రమూ సమ్మతం కాదు.

మరొకటి, ఇది తప్పక గుర్తుంచుకోండి. సొరకాయ గానీ బీరకాయ గానీ కోసినప్పుడు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే కూర మొత్తం పారవేయండి. పండించింది మనమే కదా అని మొహమాటపడవద్దు, చక్కెరో ఉప్పో వేసి సరిపెట్టవద్దు. ఆ చేదు తీవ్రమైన వాంతులు, విరేచనాలు తెచ్చి ప్రాణం మీదకు తేగలదు. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో మరణించినవారు ఉన్నారు. అటువంటి తీగ నుంచి విత్తనం కూడా దాచవద్దు.

గోరింట సంగతి చెప్పలేదు కదూ. గచ్చు పగిలిన వారంలోనే మా అత్తగారు పక్కవీధి నుంచి పెన్సిలు మందం కొమ్మలు నాలుగు తెప్పించి, పాత మూలలోనే గుచ్చించారు. మూడు ఎండిపోయాయి, ఒకటి నిలిచింది. ఇప్పుడు నడుము ఎత్తుకు వచ్చింది. మొన్న మా చిన్నమ్మాయి రెండు రెమ్మలు తుంచబోతే ఆమె మంచం మీద నుంచే కేక వేశారు: “ఆగమ్మా, దానికింకా కాలు కుదరలేదు. వచ్చే రంజాన్ పండుగకు నేనే కోసిస్తాను.”