ముడిని చూచిన చూపే రక్ష

పక్షివలె ఆకాశంలో విహరించవలెనన్న కోరిక మానవునికి ఈనాడు పుట్టినది కాదు. గుడ్డతో కుట్టిన రెక్క క్రింద కూర్చుండి కొండవాలు నుండి గాలిలోనికి లేచే పారాగ్లైడింగ్ ఆ కోరికను సామాన్యునికి కూడ అందుబాటులోనికి తెచ్చినది. ఉత్తరాది యాత్రలకు వెళ్ళే మన యువతీయువకులు దానిపై ఎంతో ఉత్సాహం చూపుచున్నారు. ఆ ఉత్సాహాన్ని మేము కాదనము. కాని రెక్కను, మనిషిని కలిపి ఉంచేవి సన్నని త్రాళ్ళు, కొన్ని పట్టీలు మాత్రమేనన్న సంగతి మరువరాదు.

ఈ త్రాళ్ళ మహిమ తెలియుటకు మన పిల్లల పతంగియే చాలును. కన్నాలు సరిగా కట్టని పతంగి, కాగితం ఎంత మంచిదైనను, గింగిరాలు తిరిగి నేలకూలును. పారాగ్లైడర్ రెక్కకు ముందంచు నుండి వెనుకకు ఎ, బి, సి అను వరుసలలో త్రాళ్ళు ఉండును. వెనుక అంచునకు బ్రేకు త్రాళ్ళు వేరు. పైన అనేకములైన ఈ త్రాళ్ళు క్రిందికి వచ్చుకొలది కొన్నిగా కలిసి, చిన్న ఉక్కు లంకెల ద్వారా పట్టీలకు చేరును. ప్రతి త్రాటికి నిర్ణీతమైన పొడవు, నిర్ణీతమైన స్థానం ఉన్నవి. ఒక వరుస త్రాడు మరొక వరుసలో చేరినను, మెలిపడినను రెక్క ఆకృతి చెడును. లంకె మర బిగియకున్న త్రాడే ఊడిపోవచ్చును. కావున త్రాళ్ళను మార్చినప్పుడు తయారీదారు ఇచ్చిన పటాన్ని ముందుంచుకొని, శిక్షణ పొందినవారే అమర్చవలెను. ఎగురుటకు ముందు రెక్కను నేలపై పరచి, ప్రతి త్రాటిని మొదటినుండి చివరివరకు చూడవలెను.

ఇంతటి అమరికయు ఒక్క పట్టీ మరచినచో వ్యర్థమగును. 2024 ఫిబ్రవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ సమీపాన, దోభి వద్ద, తెలంగాణ నుండి వెళ్ళిన ఒక యువతి గాలిలోనుండి పడి మరణించినది. భద్రతా పట్టీని సరిచూడని మానవ తప్పిదమే కారణమని ప్రాథమిక విచారణలో తేలినది. అక్కడి స్థలానికి, పరికరాలకు అనుమతి ఉన్నది. పైలట్ పేరు నమోదై ఉన్నది. వాతావరణం అనుకూలంగా ఉన్నది. లేనిది ఒక్క చూపు!

మోకును చేతపట్టి చూచుకొననిదే చెట్టెక్కరాదని మన గీత కార్మికునికి ఎవరును చెప్పనక్కరలేదు. అంతటి నేర్పరులు కూడ జారిపడుచుండుటచేతనే 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరిట వారికి భద్రతా పరికరాల పంపిణీని ఆరంభించినది. నేర్పు ఎన్నడును జాగ్రత్తకు బదులు కాజాలదు.

కట్టిన చేయి ఒకటైతే, చూచే కన్ను మరొకటి కావలెనని మా అభిప్రాయం. తొడ పట్టీలు, ఛాతీ పట్టీ, రెక్కకు కలిపే కొక్కెములు బిగిసినవా అని ఎగురబోయేవారు పైలట్‌ను అడిగి, కంటితో చూచి, చేతితో తడిమి తెలుసుకొనవలెను. "వేయిసార్లు ఎగిరినాను" అనుట దానికి సమాధానం కానేరదు. అడిగినవారిని పిరికివారని నవ్వుట మాన్పించవలసిన బాధ్యత వెంట వెళ్ళే అధ్యాపకులది. ఉర్దూలో ఎహతియాత్ అన్నను, తెలుగులో జాగ్రత్త అన్నను అర్థమొక్కటే. అది పాదం నేలపై ఉండగానే చూపవలసిన గుణం.