ఖాళీని దాచని వేదిక

గ్యారీ రాసింగ్టన్ 2023 మార్చి 5న కన్నుమూశాడు. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రపు జాక్సన్‌విల్‌లో పుట్టిన లినర్డ్ స్కినర్డ్ రాక్ బ్యాండు వ్యవస్థాపకుల్లో అప్పటికి బతికున్నది అతనొక్కడే. అయినా బ్యాండు ఆగలేదు. ఆ వేసవిలోనే అదే పేరుతో, అవే పాటలతో ఊరూరా తిరిగింది. ఇది ఒక్క బ్యాండు సంగతి కాదు. 2015లో క్రిస్ స్క్వయర్ పోయాక ‘యెస్’ బృందంలో మొదలుపెట్టినవాళ్లు ఎవరూ మిగల్లేదు. మిక్ జోన్స్ ఆరోగ్యం సహకరించనప్పుడు, తొలి సభ్యుడు ఒక్కడూ వేదిక మీద లేకుండానే ‘ఫారినర్’ కచేరీలు జరిగాయి. 1960, 70 దశకాల రాక్ కళాకారుల్లో ఇంకా వాయిస్తున్నవాళ్లు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉన్నారు. అందువల్ల టికెట్టు మీది పేరు నిజంగా వేదిక మీద ఉన్నట్టేనా అన్న ప్రశ్న మున్ముందు మరెన్నో బృందాలకు ఎదురవుతుంది. అభిమానులు దీనికి తలలు లెక్కపెట్టి జవాబు చెబుతుంటారు: పాతవాళ్లు ఇద్దరుంటే సరే, ఒక్కడుంటే ఫరవాలేదు, ఎవరూ లేకపోతే మోసం. ఆ లెక్క మనకు దారి చూపదు. చూడవలసింది ఎందరు మిగిలారని కాదు. లేనివాళ్ల లోటును బృందం ప్రేక్షకుల ముందు ఒప్పుకుంటోందా, కప్పిపెడుతోందా అని.

తలల లెక్క ఎందుకు నిలవదో ఈ బృందాల చరిత్రే చెబుతుంది. ‘ఫ్లీట్‌వుడ్ మ్యాక్’ 1967లో లండన్‌లో పీటర్ గ్రీన్ పెట్టిన బ్లూస్ బృందం. అతను 1970లో వెళ్లిపోయాడు. ఆ పేరు ఇంటింటికీ చేరింది 1977 నాటి ‘రూమర్స్’ ఆల్బమ్‌తో. దాన్ని చేసిన ఐదుగురిలో ముగ్గురు తర్వాత చేరినవాళ్లే. లిండ్సే బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్ అయితే 1974 చివర్లో వచ్చారు. ‘డీప్ పర్పుల్’ 1968లో పుట్టింది గాని, ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాడిన ఇయన్ గిలన్ మరుసటి ఏడు వచ్చినవాడు. ‘పింక్ ఫ్లాయిడ్’కు తొలి ఊపిరి పోసిన సిడ్ బారెట్ 1968లోనే దూరమయ్యాడు, ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ వచ్చింది 1973లో. ‘ఏసీ/డీసీ’ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో చనిపోతే, అదే జులైలో బ్రయాన్ జాన్సన్ గొంతుతో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అదొకటి. మొదటివాళ్లే అసలువాళ్లు అనుకుంటే వీటన్నిటినీ నకళ్లనాలి. అలా అనే అభిమాని ఎక్కడా కనిపించడు. అతను అసలు అంటున్నది తన యౌవనంలో విన్న రికార్డు మీది బృందాన్ని. అది మమకారం. మమకారం తప్పు కాదు గాని, అది కొలబద్ద కాలేదు.

అయితే మమకారమే కదా అని ఆ బాధను కొట్టిపారేయలేం. దాని వెనక సంగీతానికి సంబంధించిన గట్టి కారణం ఉంది. వియన్నా ఫిల్హార్మోనిక్ 1842లో మొదలైంది. ఆనాటి వాయిద్యకారులు లేరని నేడెవరూ టికెట్టు డబ్బు వెనక్కి అడగరు. అక్కడ కృతి కాగితం మీద ఉంది, వాయించే చెయ్యి మారవచ్చు. త్యాగరాజ కీర్తనను శిష్యపరంపర మోసుకొచ్చింది; ఎవరు పాడినా అది త్యాగరాజుదే. రాక్ సంగీతంలో ఈ ఏర్పాటు తలకిందులైంది. అక్కడ రికార్డే కృతి. 1971లో ‘లెడ్ జెప్పెలిన్’ చేసిన ‘వెన్ ద లెవీ బ్రేక్స్’లో వినిపించే డ్రమ్ముల మోత ఏ స్వరలిపిలోనూ లేదు. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల కింది హాల్లో జాన్ బోనమ్ వాయిస్తుంటే, పైనుంచి వేలాడదీసిన మైకులు పట్టిన శబ్దం అది. ఆ చేతుల బరువూ, ఆ గది గోడలూ కలిసి పాటలో భాగమయ్యాయి. 1980 సెప్టెంబరులో బోనమ్ చనిపోయాడు. ఆ డిసెంబరులోనే మిగిలిన ముగ్గురూ ఇక కొనసాగలేమని ప్రకటించారు. రాక్ బృందంలో ఒక మనిషి పోతే కృతిలోనే కొంత భాగం పోతుందన్న ఎరుక ఆ నిర్ణయంలో ఉంది. కాబట్టి కొత్తవాళ్లు రాకూడదని కాదు. వచ్చినప్పుడు ఏం పోయిందో చెప్పకుండా ఉండకూడదు.

చెప్పే పద్ధతులు లేకపోలేదు. పంచగని బడిలో చదువుకున్న పార్సీ కుర్రాడు ఫరూఖ్ బల్సారా, ‘క్వీన్’ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీగా లోకానికి తెలిసి 1991 నవంబరులో మరణించాడు. తర్వాత బేస్ వాద్యకారుడు జాన్ డీకన్ విరమించుకున్నాడు. మిగిలిన బ్రయాన్ మే, రోజర్ టేలర్ మొదట పాల్ రోజర్స్‌తో, ఆపైన ఆడమ్ లాంబర్ట్‌తో ‘క్వీన్’ కచేరీలు చేశారు. ప్రకటనల్లో క్వీన్ పేరు పక్కన కూడిక గుర్తు వేసి కొత్త గాయకుడి పేరు విడిగా అచ్చువేశారు. లాంబర్ట్ ఫ్రెడ్డీలా నటించడు. ‘లవ్ ఆఫ్ మై లైఫ్’ దగ్గర మే ఒంటరిగా గిటారు పట్టుకుంటే, తెర మీద ఫ్రెడ్డీ వచ్చి పాడతాడు. ‘ద హూ’ 2012–13 పర్యటనలో, చనిపోయిన తమ సభ్యులు కీత్ మూన్, జాన్ ఎంట్విసిల్ ఇద్దరికీ తెర మీద చోటిచ్చింది. జెర్రీ గార్సియా 1995లో పోయాక ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ సహచరులు ఆ పేరునే పక్కన పెట్టి, వేరే పేర్లతో ఆ పాటలు వాయించారు. ఇక లినర్డ్ స్కినర్డ్: 1977 విమాన ప్రమాదంలో గాయకుడు రానీ వాన్ జాంట్ పోయాడు. 1987లో తమ్ముడు జానీతో బృందం మళ్లీ కూడినప్పుడు, ‘ఫ్రీ బర్డ్’ను గాయకుడు లేకుండా వాద్యాలతోనే వాయించి, మాటలను జనానికి వదిలేశారు. దీనికి ఎదురుగా ‘కిస్’ ఉంది. తొలి సభ్యుల్లో ఏస్ ఫ్రేలీ తన కోసం తయారు చేసుకున్న ముఖవర్ణాన్ని టామీ థేయర్, పీటర్ క్రిస్‌ది ఎరిక్ సింగర్ వేసుకుని ఇరవై ఏళ్లపాటు ఆడారు. దూరంనుంచి చూసేవాడికి ఎవరూ పోలేదనే అనిపిస్తుంది. ఆ రంగు పని అదే.

పేరు ఎవరిదో తేల్చడానికి కోర్టులున్నాయి కదా, నీతి గొడవ మనకెందుకు అనేవాళ్లున్నారు. కోర్టుల అనుభవం చూద్దాం. 1974లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ మేనేజరు ఆ పేరు తనదేనని, బృందంతో సంబంధం లేని వాయిద్యకారులను పోగుచేసి అమెరికా పర్యటనకు పంపాడు. అసలువాళ్లు న్యాయస్థానానికెక్కి పేరు కాపాడుకోవలసి వచ్చింది. 1980లో రాడ్ ఎవన్స్ కొత్తవాళ్లను చేర్చుకుని డీప్ పర్పుల్ పేరుతో కచేరీలిచ్చాడు. కోర్టు 6,72,000 డాలర్ల నష్టపరిహారం విధించింది. గమనించవలసిందేమంటే, ఎవన్స్ ఆ బృందపు తొలి గాయకుడు. తలల లెక్క ప్రకారం అక్కడ ఒక అసలు మనిషి ఉన్నట్టే. అయినా జరిగింది మోసమే. రోజర్ వాటర్స్ 1985లో పింక్ ఫ్లాయిడ్ వదిలి, ఆ పేరు తనతోనే ముగియాలని వాదించాడు. చివరికి పేరు డేవిడ్ గిల్మోర్, నిక్ మేసన్‌లకు దక్కింది. చట్టం చెప్పగలిగింది ఇంతవరకే: పేరు ఫలానావారిది. ఆ పేరుతో ఏం చూపాలి, ఏం చెప్పాలి అన్నది యజమాని మనస్సాక్షికీ, ప్రేక్షకుల నిలదీతకూ వదిలేసింది.

ఇంకో ఆక్షేపణ మన రంగస్థలం వైపునుంచే రావచ్చు. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజం తరాలు మారినా సురభిగానే నిలిచింది. తాత వేసిన వేషం మనవడు వేస్తే ఎవరూ నకిలీ అనరు. మరి రాక్ బృందాన్ని ఎందుకు తప్పుపట్టాలి? నిజమే, వారసత్వం అక్కడా ఉంది. ఏసీ/డీసీలో మాల్కమ్ యంగ్ స్థానంలోకి అన్న కొడుకు స్టీవీ వచ్చాడు. ‘జీజీ టాప్’ బేస్ వాద్యకారుడు డస్టీ హిల్ 2021లో పోయినప్పుడు, ఏళ్లుగా బృందం గిటార్లు చూసుకుంటున్న ఎల్‌వుడ్ ఫ్రాన్సిస్ ఆయన కోరిక మేరకే ఆ చోట నిలబడ్డాడు. ఇలాంటి మార్పులను మనసారా ఒప్పుకోవచ్చు. కానీ సురభిలో కృష్ణుడి వేషం కృష్ణుడిది. అది పోయిన నటుడి ముఖం కాదు. వేషగాడు మారాడని ప్రేక్షకుడికి తెలుసు, అతన్ని తన పేరుతోనే మెచ్చుకుంటాడు. కిస్ వేషాలను ఆ కోవలో చేర్చలేం, ఎందుకంటే అవి పురాణంలోంచి వచ్చినవి కావు. ఫలానా మనుషులు తమకు తాము గీసుకున్న ముఖాలు. ఇక బతుకుతెరువు మాట. పాట రాసినవారికి వచ్చే హక్కు సొమ్ము, రచయితలుగా పేరు లేని డ్రమ్మర్‌కో బేస్ వాయించినవాడికో రాదు. వాళ్లకు పర్యటనే జీవనం. వాళ్లను ఇంట్లో కూర్చోమనే హక్కు ఏ అభిమానికీ లేదు. అయితే నిజం చెప్పినందుకు ఎవరి కూడూ పోదు. కూడిక గుర్తు పెట్టిన క్వీన్ కచేరీలకు జనం తగ్గలేదు.

పాటలు బాగుంటే చాలు, ఎవరు వాయిస్తే ఏమిటనే మాటకూ జవాబు ఉంది. అది నిజంగా నమ్మేవారికి తక్కువ ధరలో అనుకరణ బృందాలు ఊరికొకటి దొరుకుతాయి. పెద్ద టికెట్టు కొనేది పేరు చూసి. పేరుకు డబ్బు తీసుకున్నవాడు పేరు గురించి నిజం చెప్పాలి. ఈ బాధ్యత రాబోయే రోజుల్లో ఇంకా బరువెక్కుతుంది. 2022 మే నుంచి లండన్‌లో నడుస్తున్న ‘ఆబా వాయేజ్’లో ఆబా బృందంలోని నలుగురి డిజిటల్ రూపాలు పాడుతుంటాయి. నలుగురూ తమ కదలికలను అందుకోసం అందించారు. తలల లెక్కలో ఒక్కరూ తగ్గలేదు, వేదిక మీద ఒక్కరూ లేరు. పక్కనే పదిమంది వాయిద్యకారులు మాత్రం నిజంగా వాయిస్తుంటారు. అది డిజిటల్ ప్రదర్శన అని ముందే చెప్పి అమ్మారు కనుక దాన్ని తప్పుపట్టలేం. 2023 డిసెంబరు 2న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కిస్ ఆఖరి కచేరీ ముగించి, ఆ వేదిక మీదనే తమ డిజిటల్ అవతారాలను చూపించింది. మనుషులు పోయాక కూడా అలసిపోని, వయసు రాని బృందాలు ఇక తయారవుతాయి. అప్పుడు ‘ఎందరు అసలువాళ్లు’ అన్న ప్రశ్నకు అర్థమే ఉండదు. అందుకే ఇప్పుడే అడగడం అలవాటు చేసుకోవాలి: ఈ రాత్రి ఎవరు వాయిస్తున్నారో ప్రకటనలో పేర్లతో వేయండి, ఎవరు లేరో చెప్పండి, కొత్తవాడికి అతని పేరుతోనే చప్పట్లు దక్కనివ్వండి. ఇంతమాత్రం చేసిన బృందంలో తొలి సభ్యుడు ఒక్కడూ లేకపోయినా నిశ్చింతగా టికెట్టు కొనవచ్చు. ఇది చేయని బృందంలో నలుగురికి ముగ్గురు పాతవాళ్లున్నా, ఆ డబ్బు ఇంట్లోని రికార్డులకు కొత్త సూది కొనడానికి ఖర్చుపెట్టడం మేలు.