మన చూపులోని జబ్బు



కొన్నేళ్ళ క్రితం మేము పనిచేసిన ఒక ఆసుపత్రికి జైనూర్ వైపు నుండి ఒక యువకుడిని ఆటోలో తీసుకొచ్చారు. పురుగుల మందు తాగాడు. కడుపు కడిగాము, అట్రోపిన్ ఇచ్చాము, నాలుగో రోజుకు తేరుకున్నాడు. ఇంట్లో పెళ్ళి కుదిర్చారని, తనకు ఆడవారి మీద మనసు పోదని రాత్రి డ్యూటీ సిస్టరుతో చెప్పుకుని ఏడ్చాడు. తెల్లారేసరికి ఆ మాట వార్డంతా పాకింది. మాలో కొందరం నవ్వాము. కొందరం ఆ మంచం దగ్గరకు పోవడమే తగ్గించాము. మరునాడు అతను ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. బతికించిన చేతులతోనే అతన్ని గెంటివేశామా అని ఇప్పటికీ బాధపడుతుంటాము.

చదువుకున్న మేమే ఎందుకలా చేశాము? స్వలింగ సంపర్కులంటే మనకు ఇంత ఏవగింపు ఎక్కడి నుండి వచ్చింది?

మొదటి కారణం తెలియకపోవడం. చిన్నప్పటి నుండి "కొజ్జా", "తేడా" వంటి తిట్లు విన్నాము, సినిమాల్లో వెకిలి పాత్రలు చూసి నవ్వాము. స్వలింగ సంపర్కులు వేరు, హిజ్రాలు వేరు అన్న సంగతి కూడా మాకు చాలాకాలం తెలియదు.

రెండవ కారణం మన వైద్యమే. డాక్టర్లే ఒకప్పుడు దీనిని మానసిక రోగమన్నారు. అమెరికా మనోవైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో రోగాల జాబితా నుండి తీసివేశాయి. కానీ ఆ మాట పల్లెదాకా రాలేదు. ఎయిడ్స్ వచ్చాక భయం ఇంకా పెరిగింది. నిజానికి మన దేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువగా పాకింది స్త్రీ పురుషుల సంబంధాల వల్లనే.

మూడవది చట్టం. బ్రిటిషువారు 1860లో చేసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ దీనిని నేరమన్నది. నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వారెంటు లేకుండా పట్టుకునే వీలిచ్చింది. నేరమని రాసి ఉన్నదానిని జనం తప్పుగానే చూస్తారు కదా! పెద్దలు ఇష్టపడి చేసేది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీం కోర్టు చెప్పింది. నిజాం నాటి చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. పెళ్ళి హక్కు కోరుతూ హైదరాబాదుకు చెందిన సుప్రియో, అభయ్ జంట వేసిన కేసులో అదే ఏడాది అక్టోబరులో సుప్రీం కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు గానీ, వివక్ష చూపరాదని చెప్పింది.

అన్నిటికన్నా బలమైన కారణం "నలుగురు ఏమంటారు" అన్న భయం. చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందని, వంశం నిలవదని తల్లిదండ్రులు వణుకుతారు. పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయనుకుంటారు. అప్పుడు ఒక్క జీవితం కాదు, ఏ పాపం ఎరుగని ఆ ఆడపిల్లది కూడా పాడవుతుంది.

దీనిని పాపమని నమ్మేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. ఆ వాదన ఇక్కడ చేయము. అయితే ఊరు వెలివేసిన కుష్ఠు రోగుల కోసం 1915లో డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ ఆసుపత్రి తెరిచినప్పుడు ఎవరి పాపమూ లెక్కించలేదు. అది జబ్బు, ఇది జబ్బు కాదు. వెలి మాత్రం ఒక్కటే.

కాబట్టి తోటి సిస్టర్లకు మా మనవి: రోగి చెప్పుకున్న మాట వార్డు దాటకూడదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా ఇదే చెబుతోంది. "మారుస్తాం" అని ఎవరైనా మందులు, షాకులు చెబితే నమ్మకండి. అటువంటి చికిత్స వైద్యవృత్తికి విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. తల్లిదండ్రులారా, బిడ్డ నోరు తెరిచిన రోజున కొట్టకండి, ముందు వినండి. మనసు కుంగినవారు 14416 టెలి మానస్‌కు ఉచితంగా ఫోను చేయవచ్చును.

ఆ యువకుడు ఎక్కడున్నాడో మాకు తెలియదు. అతనివంటి మరొకరు రేపు మన ఓపీ ముందు నిలబడవచ్చు. ఆ రోజు ముందుగా అతని పేరు అడిగి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిద్దాము.