ఆటస్థలంలో మన వాటా

పార్కుని బాగుచెయ్యడమంటే మన కార్పొరేషన్లకి తెలిసిన పనులు నాలుగే: ప్రహరీ కట్టడం, నడక బాట వెయ్యడం, పచ్చిక పరచడం, ఫౌంటెన్ పెట్టడం. పక్కన మైదానం ఉంటే క్రికెట్ నెట్లు, కూర్చోడానికి మెట్లు. ప్లాను గీసేటప్పుడు ఆ స్థలాన్ని ఎవరు ఏ వేళ వాడుతున్నారు, ఎవరు అసలు రాలేకపోతున్నారు అన్న ప్రశ్న ఎక్కడా రాదు. 'అందరి కోసం' అని బోర్డు మీద రాస్తారు. పొద్దున్నే నడిచే తీరిక ఉన్న మధ్యతరగతి వాళ్ళు, సాయంత్రం మైదానమంతా పరుచుకునే మగపిల్లలు, వీళ్ళే ఆ అందరూ.

ఆడపిల్లలకి ఆటల మీద ఆసక్తి లేక రావడం లేదని చాలామంది నమ్మకం. వియన్నా నగరం ఈ నమ్మకాన్ని పరీక్షకి పెట్టింది. అక్కడ 1990లలో జరిగిన అధ్యయనంలో తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కులకి రావడం బాగా తగ్గిపోతోందని, మగపిల్లల విషయంలో అలా లేదని తేలింది. ఉన్న ఒక్క పెద్ద జాగా కోసం పోటీపడాల్సి వచ్చినప్పుడు ఆడపిల్లలే వెనక్కి తగ్గుతున్నారు. 1999లో ఆ నగరం అయిదో జిల్లాలో రెండు పార్కులని మార్చింది. కొత్త దారులు వేసి, వాలీబాల్, బాడ్మింటన్ కోర్టులు పెట్టి, పెద్ద జాగాని చిన్న చిన్న భాగాలుగా విడదీశారు. ఆడపిల్లలు మళ్ళీ వచ్చారు. అందుకోసం మగపిల్లల్ని వెళ్ళగొట్టాల్సిన అవసరం రాలేదు.

ఆ నమూనాని ఉన్నదున్నట్టు దించుకుంటే మనకి సరిపోదు. ఇక్కడ కులం, మతం, ఇంటిచాకిరీ కూడా గేటు దగ్గర కాపలా కాస్తాయి. అన్న చేతికి బ్యాటు వచ్చే వయసుకే చెల్లెలి చంకకి చంటిపిల్లాడు వస్తాడు. ఇళ్ళల్లో పనిచేసే స్త్రీకి రెండిళ్ళ పని మధ్య కాసేపు నడుం వాల్చే వీలు దొరికేది మధ్యాహ్నమే. చాలా పార్కులు మూసి ఉండేదీ అప్పుడే. ఇక అదే పార్కులో కలుపు తీసే కాంట్రాక్టు కార్మికురాలికి అన్నం తినడానికి ఓ గదయినా ఉండదు. మరుగుదొడ్డి ఉన్నా దానికి తాళం ఉంటుంది.

భద్రత మాటెత్తితే అధికారులు కెమేరాలు చూపిస్తారు. రక్షణ పేరుతో వచ్చే నిఘా ఎవరి మీద పడుతుందో మనకి తెలుసు. 2021 ఆగస్టులో హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర పెళ్ళికాని జంటలకి ప్రవేశం లేదని బోర్డు కట్టారు. నిరసన వచ్చాక తీసేశారు. 76 ఎకరాల ప్రజల స్థలంలోకి మంగళసూత్రం ప్రవేశ టిక్కెట్టు అయిందన్నమాట! స్త్రీలకి భద్రత వెలుతురున్న దారుల వల్ల, ఒకటికి రెండు గేట్ల వల్ల, మనుషుల రాకపోకల వల్ల, పనిచేసే మరుగుదొడ్ల వల్ల వస్తుంది.

ఆడవాళ్ళకి వేరే పార్కు కట్టిస్తే చాలదా అని కొందరు అడుగుతున్నారు. బయటికి రావడానికి ఇంట్లో ఒప్పుకోని వాళ్ళకి అది తొలి మెట్టు కావచ్చు, కాదనను. కానీ ఊళ్ళో ఒక మూల మనకి కేటాయించి తక్కిన ఊరంతా మగవాళ్ళకి వదిలెయ్యడం సమానత్వం ఎలా అవుతుంది?

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మునిసిపాలిటీల్లో మూడో వంతుకి తగ్గకుండా స్థానాలు స్త్రీలకిచ్చింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట వార్డు కమిటీలుండాలంది. ఎన్నికైన స్త్రీ పేరు శిలాఫలకం మీద ఉంటుంది గానీ ప్లాను మాత్రం ఇంజనీరు, కాంట్రాక్టరు, చాలాచోట్ల ఆమె భర్త కలిసి తేలుస్తారు.

కాబట్టి మన సంఘాలు టెండరు పిలవకముందే కదలాలి. ఒక వారం పాటు పార్కులో, మైదానంలో గంట గంటకీ ఆడా మగా, ఏ వయసు వాళ్ళు, ఏం చేస్తున్నారు అని లెక్క రాయండి. రానివాళ్ళని బస్తీకి వెళ్ళి అడగండి. బడిపిల్లల చేత వాళ్ళక్కావలసిన మైదానం బొమ్మ గీయించండి. ఆ కాగితాలతో వార్డు సమావేశానికి వెళ్ళి, మైదానంలో ఆడపిల్లల జట్లకి వారంలో ఏ రోజులు, ఏ గంటలు ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఖర్చులో ఎంత భాగం ఎవరి అవసరానికి పోతోందో కూడా అడగండి. కాంక్రీటు పోశాక ఇచ్చే వినతిపత్రానికి విలువ ఉండదు.