థామ్సన్‌కు సున్నా వేసిందెవరు?

మన హైస్కూళ్లలో పరమాణు నిర్మాణం పాఠానికి ఒక వరస ఉంది. డాల్టన్ చెప్పింది, దాని లోపాలు. థామ్సన్ చెప్పింది, దాని లోపాలు. రూథర్‌ఫర్డ్, లోపాలు. బోర్, లోపాలు. ‘లోపాలు రాయండి’ అనే ప్రశ్నకు గైడ్లలో ‘ముఖ్యం’ అన్న గుర్తు కూడా ఉంటుంది. పాతవాళ్లు తోచిందేదో చెప్పారు, కొత్తవాళ్లు ఒక్క ప్రయోగంతో దాన్ని కొట్టిపారేశారు అన్న నమ్మకం పిల్లల్లో అలా స్థిరపడిపోతుంది. పెద్దయ్యాకా పోదు. ఈ కథ జరిగినదానికి విరుద్ధం.

అందరికన్నా అన్యాయం జరిగింది థామ్సన్‌కు. పుచ్చకాయలో గింజల్లా ఎలక్ట్రాన్లు ఉన్నాయన్నాడని ఒక్క వాక్యంలో సాగనంపేస్తాం. 1904లో ఆయన రాసిన వ్యాసంలో ఆ గింజలు ఊరికే కూర్చుని లేవు. ధనావేశపు గోళంలో వలయాలుగా తిరుగుతున్నాయి. వలయంలో ఎన్ని ఉంటే అది చెదరకుండా నిలుస్తుందో ఆయన లెక్కగట్టాడు. ఐదు వరకు నిలుస్తాయి; ఆరు కాగానే ఒకటి నడిమధ్యకు పోవాలి. బెండు ముక్కలకు గుచ్చిన అయస్కాంత సూదులను నీళ్లమీద తేలనిచ్చి ఆల్ఫ్రెడ్ మేయర్ అంతకుముందే చూపిన అమరికలతో దాన్ని పోల్చాడు. వలయాల్లో పాత అమరికే మళ్లీ మళ్లీ రావడంలో ఆవర్తన పట్టిక గుట్టు ఉందేమోనని వెతికాడు. పరమాణువులో ఎలక్ట్రాన్లు వేలల్లో ఉంటాయని మొదట అనుకున్నదీ ఆయనే. వాటి సంఖ్య పరమాణు భారానికి దరిదాపుల్లోనే ఉంటుందని 1906లో మూడు వేర్వేరు దారుల్లో తేల్చి, ఆ ఊహను పడగొట్టిందీ ఆయనే. దాంతో బరువంతా ధనావేశం ఉన్న భాగానిదే అనుకోక తప్పలేదు. ఆ బరువును ఒకచోట కుదించి చూడటం తర్వాతి పని.

ఆ పని చేసిన రూథర్‌ఫర్డ్‌కు మనం అంటగట్టే గొప్పలు కూడా కొన్ని ఆయనవి కావు. మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ 1909లో ప్లాటినం మీదికి పంపిన ఆల్ఫా కణాల్లో దాదాపు 8,000కు ఒకటి వెనక్కి మళ్లింది. మన కథలో మర్నాడే కేంద్రకం పుడుతుంది. అసలు వ్యాసం అచ్చయింది 1911లో. మధ్యనున్న ఆవేశం ధనమో ఋణమో అందులో తేలలేదు, ఏదైనా లెక్క ఒకటేనన్నాడు. ఎలక్ట్రాన్లను గ్రహాల్లా కక్ష్యల్లో తిప్పనూ లేదు. ఈ పరమాణువు ఎలా నిలబడుతుందన్న ప్రశ్నను ప్రస్తుతానికి ఎత్తుకోనక్కర్లేదని పక్కన పెట్టాడు. అంటే మన పిల్లలు బట్టీపట్టే ఆ పెద్ద ‘లోపం’ ఆయనకు తెలిసిందే. థామ్సన్ ఏళ్లపాటు తంటాలుపడింది సరిగ్గా ఆ ప్రశ్నతోనే!

1912లో మాంచెస్టర్ వచ్చిన బోర్‌కు ఆ లోపమే పెట్టుబడి అయింది. థామ్సన్ పరమాణువు సైజు గోళంతోనే వచ్చేస్తుంది. రూథర్‌ఫర్డ్ పరమాణువుకు అసలు సైజే లేదు. పాత యాంత్రికశాస్త్రంలో ఎలక్ట్రాన్ ద్రవ్యరాశినీ ఆవేశాన్నీ ఎలా కలిపినా పొడవు రాదు. ప్లాంక్ స్థిరాంకాన్ని చేరిస్తే వస్తుంది, అదీ పరమాణువు కొలతకు తగ్గట్టు. అక్కడ పట్టు దొరికింది బోర్‌కు. ఇంతా చేసి, హైడ్రోజన్ కనిష్ఠ స్థాయిలో ఎలక్ట్రాన్‌కు ఆయన ఇచ్చిన కోణీయ ద్రవ్యవేగం తప్పు. నేటి క్వాంటం సిద్ధాంతం ప్రకారం అది సున్నా. శక్తి మాత్రం అప్పుడూ ఇప్పుడూ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులే. తప్పు బొమ్మ ఒప్పు జవాబిచ్చింది. లోపాల పట్టికలో దీన్ని ఏ గడిలో రాయాలి?

పద్నాలుగేళ్ల పిల్లలకు ఇంత చరిత్ర మోయలేని బరువంటారు కొందరు మాస్టార్లు. నాలుగు నమూనాలు, నాలుగు లోపాల జాబితాలు బట్టీ పట్టించడం తేలికా? లెక్కలేవీ చెప్పనక్కర్లేదు, ప్రశ్న మారిస్తే చాలు. థామ్సన్ తన నమూనాతో దేనికి జవాబు వెతికాడు? రూథర్‌ఫర్డ్ ఏ ప్రశ్నను కావాలని వదిలేశాడు? రెంటికీ కలిపి నాలుగు మార్కులు.