పన్ను సాఫ్ట్‌వేర్‌కు పలాస ఖాతాయే పరీక్ష

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పన్ను సలహాదారులు ధర చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం మచ్చు చూడకుండా సరుకు కొన్నట్లే. రిటర్ను నింపడం వేరు, పన్ను భారాన్ని ముందే లెక్కగట్టడం వేరు. అమ్మకందారు చూపే నమూనా ఖాతాలో జీడిపిక్కలుండవు, అరువూ ఉండదు!

పలాస వ్యాపారి సంగతే చూడండి. రైతు వద్ద పిక్కలు కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే రివర్స్ ఛార్జి కింద జి.ఎస్.టి. కట్టాలి. పాత క్రెడిట్‌తో సర్దుబాటు కుదరదు, రొక్కమే చెల్లించాలి. పెట్టుబడి సరుకులో ఇరుక్కున్న సీజనులో ఆ రొక్కమెంతో ముందుగా తెలియాలి.

అరువు సంగతి ఇంకా ముఖ్యం. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు ఒప్పందం లేకుంటే 15 రోజులలో, ఉంటే గరిష్ఠంగా 45 రోజులలో సొమ్ము ముట్టాలి. గడువు దాటిన బాకీ మార్చి 31కి కూడా తీరకుంటే ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కకు రాదు. 2023-24 నుంచి ఇదే నిబంధన. లాభంలో ఉన్న భాగస్వామ్య సంస్థకు 10 లక్షల బాకీపై, సర్‌ఛార్జి కాక, రు. 3,12,000 పన్ను ముందే పడుతుంది. సొమ్ము చెల్లించిన ఏడాదిలోనే మినహాయింపు. వర్తకుల బాకీకి ఈ గడువు లేదు గనుక ఆ తేడా కూడా సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి.

కొనేముందు నిరుటి ఖాతా ఒకటి ఎక్కించి చూడాలి. బిల్లు తేదీలు టాలీ నుంచి నేరుగా రావాలి. గుమాస్తా మళ్ళీ కొడితే తప్పులు తప్పవు. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మార్పులు ఎవరు చేస్తారో రాయించుకోవాలి. బాకీల జాబితాను డిసెంబరులోనే ఇచ్చే సాఫ్ట్‌వేర్ అయితే ధర కొంత హెచ్చయినా కొనవచ్చు.