ఆట ఆగిపోయిన బిడ్డకు సబ్ర్ ఎలా చెప్పాలి?

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో అస్ర్ నమాజు ముగిసిందంటే చాలు, కుర్రాళ్ల కాళ్లు మైదానం వైపు లాగుతాయి. కొందరికి క్రికెట్, కొందరికి కబడ్డీ, ఇంకొందరికి వాలీబాల్. మగ్రిబ్ అజాన్ వినిపించేదాకా ఇల్లు గుర్తురాదు. అందరూ సరదాకే ఆడతారు గానీ, ఎప్పుడో ఒకడు నిజంగానే బాగా ఆడతాడు. మండలం దాటి జిల్లా జట్టుకు వెళతాడు. చాచాలు, మామూలు వాడి గురించి గొప్పగా చెప్పుకుంటారు. ఒకరోజు పరుగెత్తుతూ పక్కకు తిరగబోయి కింద పడతాడు. మోకాలిలో లిగమెంటు తెగిందంటారు. హైదరాబాద్ తీసుకువెళ్లి ఆపరేషన్ చేయిస్తారు. నెలలు గడిచాక నడక వస్తుంది. ఆట మాత్రం ఇక మరచిపొమ్మని డాక్టరు చెబుతాడు.

ఇలాంటి బిడ్డ మన ఏ వీధిలోనైనా ఉండవచ్చు. అతని కాలికి ఏంచేయాలో డాక్టర్లకు తెలుసు. అతని మనసుకు ఏంచేయాలన్నదే మనకు తెలియడం లేదు.

పరామర్శకు వచ్చినవారు ఏమంటారో గమనించండి. "అల్లాహ్ నిర్ణయం, సబ్ర్ చెయ్ బేటా" అంటారు ఒకరు. "పోనీలే, ఇకనైనా చదువు మీద ధ్యాస పెడతాడు" అంటారు మరొకరు. "నజర్ తగిలింది" అని తావీజు తెచ్చేవారు కొందరు. నమాజు వదిలి ఆడినందుకు శిక్ష పడిందని తీర్పు చెప్పే పెద్దమనిషి కూడా ఒకరుంటారు. (ఆ తీర్పు చెప్పే అధికారం ఆయనకు ఎవరిచ్చారో తెలియదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని హదీసుల్లో ఉంది. ఆట కోసం నమాజు వదలడం తప్పే. కానీ గాయపడిన బిడ్డ పడక దగ్గర తేల్చవలసిన లెక్క కాదది.)

వీటిలో మొదటి మాట నిజమైనదే. అయినా దాన్ని మనం వాడే తీరులో పొరపాటుంది. "సబ్ర్ చెయ్" అంటూ నిజానికి మనం చెబుతున్నది "ఏడవకు, మాట్లాడకు, మమ్మల్ని ఇబ్బంది పెట్టకు" అని. సబ్ర్ అంటే ఇదేనా?

ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా చదవండి. కొడుకు దూరమైనప్పుడు హజ్రత్ యాఖూబ్ (అ) నోట వెలువడిన మాట సబ్రున్ జమీల్, అంటే సుందరమైన సహనం. ఆ మాట అన్న ప్రవక్తే ఏళ్ల తరబడి దుఃఖించారు. ఆ దుఃఖంతోనే ఆయన కళ్లు తెల్లబడ్డాయి. ఇంకా ఆ యూసుఫ్‌నే తలచుకుంటూ ఉంటావా, ఇలాగే క్షీణించిపోతావా అని ఇంట్లోవాళ్లే ఆయన్ను నిష్ఠూరమాడారు. తన బాధను తాను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన జవాబిచ్చారు. ఆయన కన్నీళ్లను ఖుర్ఆన్ ఎక్కడా తప్పుపట్టలేదు. దైవప్రవక్త (స) కూడా తన పసికుమారుడు ఇబ్రహీం కన్నుమూసినప్పుడు కన్నీరు పెట్టారు. ప్రవక్తలే ఏడిస్తే, పదిహేడేళ్ల కుర్రాడు ఏడ్వడం ఈమాన్ లోపం ఎలా అవుతుంది?

ఆట పోవడం అంత పెద్ద విషయమా అని కొందరు తండ్రులకు అనిపించవచ్చు. ఒకసారి ఆ బిడ్డ వైపు నుంచి చూడండి. పొద్దున్నే ఫజ్ర్ తర్వాత పరుగు, సాయంత్రం ప్రాక్టీసు. అతని రోజు మొత్తం ఆట చుట్టూ తిరిగింది. స్నేహితులు ఆటలోనే దొరికారు. మొహల్లాలో పేరు ఆటవల్లే వచ్చింది. మోకాలితోపాటు ఇవన్నీ ఒక్కరోజులో పోయాయి. జట్టువాళ్లు మొదటి వారం వస్తారు, రెండో వారం ఫోన్ చేస్తారు, తర్వాత వాళ్ల మ్యాచ్‌లు వాళ్లకుంటాయి. ఇక ఆడపిల్ల అయితే గాయంతోపాటు నిందలు కూడా మోయాలి. "ముందే వద్దన్నాం కదా, రేపు సంబంధాలు ఎలా వస్తాయి?" అని ఫూఫీలు అంటుంటే, ఆ పిల్ల తన బాధ ఎవరికి చెప్పుకోవాలి?

మంచి మనసుతోనే మనం చేసే తప్పు ఇంకొకటుంది. పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలికి తీవ్ర గాయమైతే 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలవలేదా అంటాం. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో రింగుకు దూరమైనా 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత కాలేదా అంటాం. ఇవి గర్వించదగిన నిజాలు. గాయం మానే బిడ్డకు ఇవి బలమిస్తాయి. ఇక ఆడకూడదని డాక్టరు తేల్చిచెప్పిన బిడ్డకు ఇవే ఉదాహరణలు చెబితే, "వాళ్లు లేచారు, నువ్వు లేవలేకపోయావు" అన్నట్లే వినిపిస్తుంది.

అతనికి సబా కరీం గురించి చెప్పండి. ఈ వికెట్ కీపర్ ఎన్నో ఏళ్లు దేశవాళీ క్రికెట్ ఆడి ఆలస్యంగా భారత జట్టులోకి వచ్చారు. 2000 సంవత్సరంలో ఢాకాలో ఆసియా కప్ ఆడుతుండగా అనిల్ కుంబ్లే వేసిన బంతి కుడి కంటికి తగిలింది. అదే ఏడాది నవంబరులో ఒకే ఒక్క టెస్టు ఆడారు. అంతటితో ఆయన ఆట ముగిసింది. తర్వాత వ్యాఖ్యాతగా, జాతీయ సెలెక్టర్‌గా క్రికెట్‌లోనే పనిచేశారు. అయితే ఈ మాట మొదటి నెలలోనే చెప్పకండి. బిడ్డ తనంతట తాను "ఇప్పుడేం చేయను అబ్బా?" అని అడిగే రోజు వస్తుంది. అప్పుడు చెప్పండి.

హజ్రత్ తల్హా (రజి) సంగతి కూడా ఆ రోజుకే ఉంచండి. ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (స)ను కాపాడుతూ ఆయన చెయ్యి చచ్చుబడింది. ఆ చేతితోనే ఆయన మరో ముప్ఫై ఏళ్లు జీవించారు. ఖలీఫా ఎంపిక కోసం హజ్రత్ ఉమర్ (రజి) నియమించిన ఆరుగురిలో ఆయనా ఒకరు. చచ్చుబడిన ఆ చేతిని కళ్లారా చూశామని తర్వాతి తరంవారు చెప్పుకున్నారు. ఆయన దాన్ని దాచుకోలేదు.

కొందరు పిల్లలు ఏడ్వరు, అలుగుతారు. బ్యాటు, బూట్లు అటక మీద పడేస్తారు. టీవీలో మ్యాచ్ వస్తే లేచి వెళ్లిపోతారు. దాన్ని పొగరనుకోకండి. ఆ బూట్లు ఎవరికో ఇచ్చేసే తొందర మీరూ పడకండి. కానీ వారాల తరబడి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, తలుపు వేసుకుని ఎవరితోనూ మాట్లాడకపోయినా, బతికి ఏం లాభం అన్నా, అది సబ్ర్ బోధతో తీరేది కాదు. రోగానికి చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (స) ఆదేశం. మనసు రోగానికి అందులో మినహాయింపు లేదు. మానసిక వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. చుట్టుపక్కలవాళ్లకు తెలుస్తుందేమోనని ఆలస్యం చేయకండి.

ఈ రోజు జుమాలో వెనక వరుసలో కుర్చీ మీద కూర్చుని నమాజు చదివే కుర్రాడు కనిపిస్తే, సలాం చెప్పి పక్కన కూర్చోండి. కాలు ఎలా ఉందని అందరూ అడుగుతారు. మీరు మాత్రం అతను బాగా ఆడిన ఒక మ్యాచ్ గురించి అడగండి. చెబితే వినండి.